అటక మీద దొరికిన పాత రివాల్వర్‌కి రెండు ధరలు

గుంటూరు బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టే పని మొదలైతే అటక మీది సామానంతా కిందికి దిగుతుంది. ఇత్తడి గంగాళాలు, భోషాణం, తాతగారి పెన్షన్ కాగితాలు, ఎక్కడో ఒక ఇంట్లో వాటి మధ్య పాత పంచెలో చుట్టిన రివాల్వర్. ఇక ఇంట్లో టెన్షన్ మొదలు. పోలీసులకి తెలిస్తే కేసవుతుందని ఒకరు, ఇంగ్లండ్ సరుకు కాబట్టి లక్షలు పలుకుతుందని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. కాకపోతే ఆ లక్షల లెక్క చాలామంది అనుకునే చోటు నుంచి రాదు.

మన దేశంలో పాత చేతి తుపాకీకి రెండు ధరలున్నాయి. లైసెన్స్ చేతిలో ఉండి, ఆత్మరక్షణకి వాడుకుందామని కొనేవాళ్ళు ఇచ్చేది ఒకటి. ఆ వస్తువు ఏ యుద్ధం చూసింది, ఎవరి నడుముకి వేలాడింది, ఇప్పటికీ ఎంత చెక్కుచెదరకుండా ఉంది అని చూసి కొనేవాళ్ళు ఇచ్చేది ఇంకొకటి. ఈ రెండూ ఒక్కోసారి పూర్తిగా ఎదురెదురు దిక్కుల్లో నడుస్తాయి, వీటిని కలిపేసి మాట్లాడటం వల్లే ఇళ్ళల్లో లేనిపోని ఆశలు పుడుతున్నాయి, నిజంగా విలువైనవి పాడైపోతున్నాయి.

మొదటి ధర సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. 1980ల మధ్యలో మామూలు పౌరులు విదేశీ తుపాకులు తెప్పించుకోవడం ఆగిపోయింది. అంతకు ముందు వచ్చినవే చేతులు మారుతూ తిరుగుతున్నాయి. కొత్తది కావాలంటే చాలాకాలం ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలే దిక్కు, అక్కడ తయారయ్యే .32 రివాల్వర్ (.32 అంటే గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల లెక్కలో, దీన్నే బోరు అంటారు) డిజైన్ కూడా ఇంగ్లండ్ కంపెనీ వెబ్లీ చేసిన పాత రివాల్వర్ నుంచి వచ్చిందే. అందుకని పని చేసే స్థితిలో ఉన్న అసలు ఇంగ్లిష్ వెబ్లీ అండ్ స్కాట్ .32 కనిపిస్తే లైసెన్స్ ఉన్నవాళ్ళు ఎగబడతారు, లక్షల్లో మాట్లాడతారు. మనవాళ్ళ చెవిన పడే మాట ఇదే. ఇది దిగుమతి ఆగిపోవడం వల్ల వచ్చిన కొరత ధర, చరిత్రతో దీనికి పెద్దగా పని లేదు.

అసలు మిలిటరీ వెబ్లీ సంగతి వేరు. బ్రిటిష్ సైన్యం వాడింది .455. మన ఆయుధ చట్టం లెక్కలో .455 రివాల్వర్, .38 రివాల్వర్, 9 ఎం.ఎం. పిస్టల్, .303 రైఫిల్ నిషిద్ధ బోరు కిందికి వస్తాయి. వాటి లైసెన్స్ వ్యవహారం కేంద్ర హోం శాఖ చేతిలో ఉంటుంది, జిల్లాలో ఎవరూ ఇవ్వలేరు. అంటే రెండు ప్రపంచ యుద్ధాలు చూసిన రివాల్వర్‌కి మన మార్కెట్‌లో కొనేవాళ్ళు దాదాపు లేరు, ఏ యుద్ధమూ చూడని .32కి మాత్రం క్యూ ఉంది. సేకరణ మీద ఆసక్తి ఉన్నవాళ్ళు ముందుగా మింగాల్సిన చేదు మందు ఇదే.

అసలు ఇవి మన ప్రాంతానికి ఎలా చేరాయి అంటే, తెల్లవాళ్ళ తుపాకులకి కృష్ణా తీరంలో పాత చరిత్రే ఉంది. ఈస్టిండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది, 1759లో కంపెనీ తరఫున కర్నల్ ఫోర్డ్ అక్కడి కోటని ఫ్రెంచి వాళ్ళ నుంచి లాక్కున్నాడు, 1766లో కొండపల్లి కోట కంపెనీ చేతికి వచ్చింది, 1788లో గుంటూరు సర్కారు (అప్పటి జిల్లా లాంటిది) కూడా కంపెనీకే వెళ్ళిపోయింది. ఈ కాలమంతా చెకుముకి పిస్టళ్ళది, అంటే చెకుముకి రాయి రవ్వతో మందు అంటుకునేవి. ఆ తర్వాత క్యాప్ (దెబ్బ తగిలితే మండే చిన్న లోహపు టోపీ) పెట్టి పేల్చేవి, ఆ తర్వాత రివాల్వర్లు. 1878 ఆయుధ చట్టం వచ్చాక మామూలు జనం దగ్గర తుపాకీ ఉండాలంటే లైసెన్స్ తప్పనిసరి అయింది కాబట్టి జమీందార్లు, పెద్ద ఉద్యోగులు, పోలీసు, సైన్యంలో పని చేసినవాళ్ళు, వీళ్ళ ఇళ్ళల్లోనే ఎక్కువగా మిగిలాయి. నూజివీడు, చల్లపల్లి లాంటి జమీల చుట్టుపక్కల ఊళ్ళలోనూ, మిలిటరీ మాధవరం లాంటి సైనికుల ఊళ్ళలోనూ ఇలాంటి వస్తువుల గురించి కథలు ఎక్కువగా వినిపించడానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. బ్రిటిష్ అధికారి తన రివాల్వర్ తన డబ్బుతో కొనుక్కునేవాడు. ప్రభుత్వం పెట్టిన షరతల్లా అది సైన్యం ఇచ్చే తూటాకి సరిపోవాలన్నదే. అందుకే ఒకే కాలానికి చెందిన ఇద్దరు అధికారుల రివాల్వర్లు ఒకేలా ఉండకపోవచ్చు. సైన్యం కొని సిపాయికో సార్జెంటుకో ఇచ్చినదాని మీద ప్రభుత్వ బాణం గుర్తు ఉంటుంది, అధికారి సొంతంగా కొన్నదాని మీద ఆ గుర్తు లేకపోవచ్చు, బదులుగా అమ్మిన దుకాణం పేరు ఉండొచ్చు, పెట్టె ఉంటే మూత మీద అతని పేరో పొడి అక్షరాలో ఉండొచ్చు. బాణం గుర్తు లేదు కాబట్టి మిలిటరీది కాదు అని తీసిపారేయడం తొందరపాటు.

మన దగ్గర ఎక్కువగా పేరు వినిపించే వెబ్లీనే దగ్గరగా చూద్దాం. మార్క్ 1ని సైన్యం 1887లో తీసుకుంది. తర్వాత 1894లో మార్క్ 2, 1897లో 3, 1899లో 4, 1913లో 5, చివరికి 1915లో మార్క్ 6 వచ్చాయి. ఈ ఆరో రకానికి ఆరంగుళాల బ్యారెల్, అడుగున చదునుగా వెడల్పయ్యే పిడి, ఖాళీగా ఉన్నప్పుడే దాదాపు 1.1 కిలోల బరువు. ఎడమ పక్కన బొటనవేలికి అందే గొళ్ళెం నొక్కి బ్యారెల్‌ని కిందికి వంచితే రివాల్వర్ మధ్యకి విరిగి తెరుచుకుంటుంది, తూటాలు పెట్టే సిలిండర్ వెనక నక్షత్రం ఆకారంలో ఉన్న చక్రం పైకి లేచి ఆరు అరల్లోని పేలిన తూటాల ఖాళీ తొడుగుల్ని ఒక్కసారిగా బయటికి నెట్టేస్తుంది, పూర్తిగా వంచగానే టక్కున మళ్ళీ కిందికి దిగిపోతుంది. ఆ నక్షత్రం అంచులు అరగకుండా, గొళ్ళెం వదులు కాకుండా, పిడి కింద తాడు కట్టుకునే రింగుతో సహా ఉందంటే మంచి స్థితిలో ఉన్నట్టే. ఫ్రేమ్ మీది నంబరు, సిలిండర్ మీది నంబరు ఒకటేనా అని తర్వాత చూడాలి. రెండూ వేరైతే ఏదో ఒక వర్క్‌షాపులో సిలిండర్ మారినట్టు, విలువ అక్కడే తగ్గుతుంది.

నంబర్ల పట్టింపు జర్మన్ లూగర్ పిస్టల్ దగ్గర ఇంకా ఎక్కువ. 1908లో జర్మన్ సైన్యం తీసుకున్న ఈ పిస్టల్‌లో చిన్న చిన్న భాగాల మీద కూడా నంబరులోని చివరి అంకెలు కొట్టి ఉంటాయి. అన్నీ కలిస్తే ఒక ధర, ఒక్క భాగం తేడా వచ్చినా సేకరణదారుడు ధర తగ్గించి అడుగుతాడు.

మార్పులన్నీ ఒకటి కాదన్నది కూడా చాలామంది పట్టించుకోని విషయం. సైన్యమే చేసిన మార్పు చరిత్రలో భాగం. ఉదాహరణకి 1930లలో వచ్చిన ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 రివాల్వర్‌కి మొదట్లో వెనక గుర్రం (తూటాని కొట్టి పేల్చే సుత్తి) మీద బొటనవేలితో లాగే కొక్కెం ఉండేది. ట్యాంకుల్లో కూర్చునే సిబ్బందికి అది ఎక్కడో ఒకచోట తగులుకుంటోందని 1938 నుంచి కొక్కెం లేకుండా చేశారు, పాతవాటికి కూడా చాలావాటికి తీసేశారు. కొక్కెం లేనిది దొరికితే అది లోపం కాదు, కొక్కెం మిగిలి ఉన్న పాతది దొరికితే అరుదు కాబట్టి విలువ ఎక్కువ. అదే బయటివాళ్ళు చేసిన మార్పైతే నష్టమే. అమెరికాకి వెళ్ళిన .455 వెబ్లీలు చాలావాటికి అక్కడ దొరికే .45 తూటా పట్టడం కోసం సిలిండర్ వెనక భాగం గీకేశారు. అలాంటిది సేకరణకి సగం చచ్చినట్టే, పైగా ఆ తూటా ఒత్తిడికి పాత వెబ్లీని తయారు చేయలేదు కాబట్టి పేల్చితే ప్రమాదం కూడా.

నకిలీల సంగతి చూస్తే, వాయవ్య సరిహద్దులో, ఇప్పటి పాకిస్తాన్‌లోని దర్రా ఆదంఖేల్ చుట్టుపక్కల చేత్తో చేసిన వెబ్లీ నకళ్ళు ఉపఖండమంతా తిరిగాయి. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. భూతద్దం పెట్టి అక్షరాలు చదివితే బయటపడతాయి, ఎందుకంటే చెక్కినవాళ్ళలో చాలామందికి ఇంగ్లిష్ రాదు. 'ఎన్' అక్షరం తిరగబడి ఉంటుంది, స్పెల్లింగ్ తప్పుతుంది, గీతలు ఒకే లోతులో ఉండవు. ఇంకో గుర్తు కిరీటం కింద ఉండే రాజముద్ర. విక్టోరియా రాణి 1901లో చనిపోయింది, ఆమె పొడి అక్షరాలు ఉండి పక్కన 1919 అని సంవత్సరం కనిపిస్తే ఆ వస్తువు గురించి ఇక ఆలోచించనక్కర్లేదు. బెల్జియంలోని లీజ్ నగరంలో చేసిన చౌక నకళ్ళు మరో రకం, కోడిగుడ్డు ఆకారపు గీతలో ఇ, ఎల్, జి అక్షరాలున్న పరీక్ష ముద్ర వాటిని పట్టిస్తుంది. అవి మోసం కోసం చేసినవి కావు, ఆ రోజుల్లో అమ్ముడుపోయిన మామూలు సరుకే, కాబట్టి వాటికి తగ్గ చిన్న విలువ వాటికుంది.

ముద్రల్లో మన దేశానికి సంబంధించినవి రెండు తెలిసి ఉంటే మంచిది. బాణం కింద ఇంగ్లిష్ 'ఐ' అక్షరం ఉంటే భారత ప్రభుత్వ ఆస్తిగా ఉండేదని అర్థం. రెండు బాణాలు మొనకి మొన తగిలేటట్టు ఉంటే ప్రభుత్వం తన దగ్గర్నుంచి అమ్మేసిందని అర్థం. ఈ రెండోది మీద లేకుండా మొదటిది మాత్రమే ఉంటే, అది సైన్యం నుంచి ఇంటికి ఎలా వచ్చిందన్న ప్రశ్న వస్తుంది, ఆ ప్రశ్నకి జవాబు కాగితం రూపంలో ఉంటే చాలా మేలు.

చెకుముకి పిస్టళ్ళ దగ్గరికి వస్తే మన తీరంలో సేకరణకి నిజంగా అర్థం ఉన్నవి ఇవేనని చెప్పాలి. ఈస్టిండియా కంపెనీ సరుకు మీద 1808 ప్రాంతం దాకా హృదయం ఆకారంలో నాలుగు గడుల ముద్ర, ఆ తర్వాత కిరీటం పట్టుకుని నిలబడ్డ సింహం ఉంటాయి. ఆ సింహం కోసమే ఇప్పుడు నకిలీలు పుట్టుకొస్తున్నాయి, అలంకరణ వస్తువులుగా పోత పోసిన పిస్టళ్ళకి సింహం అచ్చు వేసి పాతవని అమ్ముతున్నారు. పోత పోసిన ఇనుములో సన్నని గుంటలు కనిపిస్తాయి, మందు అంటుకోవాల్సిన చిన్న రంధ్రం చాలావాటికి లోపలిదాకా ఉండనే ఉండదు. ఇంతకన్నా తెలివైన మోసం ఇంకొకటుంది. 1840ల ప్రాంతంలో చెకుముకి తుపాకుల్ని క్యాప్ పద్ధతికి మార్చేశారు. మార్చకుండా మిగిలినవాటికి ధర ఎక్కువ కాబట్టి, మార్చినవాటిని ఈ మధ్యకాలంలో మళ్ళీ వెనక్కి చెకుముకికి తిప్పి అమ్మేవాళ్ళున్నారు. మందు పోసే చిన్న గిన్నె, రాయి పట్టే దవడ రంగు మిగతా ఇనుము రంగుతో కలుస్తుందా, పూడ్చిన పాత రంధ్రాలు ఉన్నాయా అని చూడకుండా డబ్బు ఇవ్వకూడదు.

ఇక మన ఇళ్ళల్లో జరిగే అతి పెద్ద నష్టం గురించి. వస్తువు దొరకగానే, దానికి మంచి చేస్తున్నామనే అనుకుని, చింతపండు, ఇటుక పొడి, గరుకు కాగితం తీసుకుని తోమేస్తారు. దేవుడి గదిలో ఇత్తడి కుందులకి ఆ పని సరైనదే. తుపాకీ ఇనుము మీద మాత్రం నూరేళ్ళ క్రితం ఫ్యాక్టరీలో వేసిన నీలి నలుపు పూత ఉంటుంది, ఆ పూత ఎంత శాతం మిగిలిందన్న దాన్ని బట్టే కొనేవాళ్ళు ధర కడతారు, ఒకసారి పోతే మళ్ళీ తెప్పించడం ఎవరి వల్లా కాదు. తోమిన వేగానికి అంచులు గుండ్రంగా అరుగుతాయి, ముద్రలు మసకబారతాయి, నంబరు చెరిగితే విలువతో పాటు చట్టపరంగా కూడా చిక్కు. కొత్తగా నలుపు వేయించడం ఇంకా ఘోరం. గోధుమ రంగులోకి తిరిగిన పాత ఇనుమునే సేకరణదారులు ఇష్టపడతారు, తళతళ మెరిసేదాన్ని చూస్తే అనుమానిస్తారు. చేయాల్సింది చాలా తక్కువ. మెత్తటి నూలు గుడ్డతో దుమ్ము తీసి, కుట్టు మిషన్‌కి వేసేలాంటి పలచటి నూనె ఒక్క పొర రాస్తే చాలు. తోలు తొడుగులో మాత్రం పెట్టకూడదు. తోలు తేమ పట్టి ఉంచుతుంది, తోలు పదును చేసిన రసాయనాలు ఇనుముని తింటాయి, మన కృష్ణ ఒడ్డు ఉక్కపోతకి ఒక్క వానాకాలంలోనే చుక్కలు చుక్కలుగా తుప్పు లేస్తుంది. తొడుగు పారేయొద్దు, దానికి విడిగా విలువ ఉంది, పక్కన వేరే పెట్టాలి.

ఇంతకీ అన్నిటికన్నా ధర పెంచేది ఆధారం, అంటే ఈ వస్తువు ఫలానావారిదే అని నమ్మించే కాగితం. భగత్ సింగ్ పిస్టల్ ఉదంతం ఇందుకు గొప్ప ఉదాహరణ. 1928 డిసెంబర్ 17న లాహోర్‌లో బ్రిటిష్ పోలీసు అధికారి సాండర్స్‌ని కాల్చిన ఆ .32 కోల్ట్ ఆటోమేటిక్, ఇండోర్‌లోని సరిహద్దు భద్రతా దళం ఆయుధాల మ్యూజియంలో ఎవరిదో తెలియకుండా మిగతా పిస్టళ్ళతో పాటు ఉండిపోయింది, మీద నల్ల రంగు పూసి ఉంది. ఆ రంగు గీకితే నంబరు బయటపడింది, 168896. కేసు రికార్డుల్లో ఉన్న నంబరు అదే. ఆ ఒక్క అంకెతో వరసలో ఒకటిగా ఉన్న పిస్టల్ దేశమంతా మాట్లాడుకునే వస్తువైంది, తర్వాత పంజాబ్‌లోని హుస్సేనీవాలాకి చేరింది. ఆ నంబరుని ఎవరైనా శుభ్రం చేస్తున్నామంటూ ఆకురాయి పెట్టి అరగదీసి ఉంటే ఇవాళ మనకి ఆ పిస్టల్ లేనట్టే.

బయటి దేశాల్లో ఈ ఆధారానికి ఎంత కడతారో చూడాలంటే, అమెరికాలో పేరుమోసిన బందిపోటు బిల్లీ ద కిడ్‌ని చంపిన కోల్ట్ రివాల్వర్ 2021లో 60 లక్షల డాలర్లు దాటి పోయింది. అదే రకం కోల్ట్, అదే ఏడాదిది, పేరు లేకపోతే అందులో పిసరంత కూడా రాదు. మన దగ్గర మాత్రం కాగితం లేకుండా నోటిమాటతో కథలు చెప్పడం ఎక్కువ. ఇది అల్లూరి సీతారామరాజు దండుదని చెప్పి ఏదో రివాల్వర్ చూపిస్తే, 1922 ఆగస్టు 22 నుంచి చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి ఆయన తీసుకెళ్ళినవి పోలీసుల తుపాకులు, ఆ ముద్రలు దీని మీద ఉన్నాయా అని అడగాలి. అడిగితే పరువు తక్కువేమీ కాదు. పేరు తెలిసిన అధికారిదైతే ఆనాటి ఆర్మీ లిస్టుల్లో (సైన్యాధికారుల పేర్ల జాబితాల్లో), లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో వెతకొచ్చు. కోల్ట్ అయితే నంబరు పంపి డబ్బు కడితే ఆ తుపాకీ ఎప్పుడు, ఎక్కడికి పంపారో కంపెనీ రికార్డు చూసి ఉత్తరం ఇస్తారు. ఇంట్లో ఉన్న పాత లైసెన్స్ పుస్తకం, కొన్న రసీదు, తాతగారు యూనిఫాంలో ఉన్న ఫొటో, ఇవన్నీ తుపాకీతో సమానంగా దాచాలి, ఫొటోలు తీసి ఇంకో చోట కూడా ఉంచాలి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు కింది అంతస్తుల్లో కాగితాల గతి ఏమైందో ఊరంతా చూసింది.

చట్టం సంగతి ఆఖరున చెబుతున్నా పనిలో మాత్రం మొదటిది. దొరికిన వెంటనే ట్రిగ్గర్ నొక్కి చూడటం లాంటివి చేయొద్దు, వందేళ్ళ క్రితం కూరిన మందు బ్యారెల్‌లో అలాగే ఉండిపోయిన పాత తుపాకులు ఉన్నాయి. కదపకుండా పోలీసులకి చెప్పి, స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి, ఆయుధ చట్టం 21వ సెక్షన్ ఉన్నది ఇందుకే. తాతగారి పేరున లైసెన్స్ ఉండి ఉంటే చట్టబద్ధ వారసులు దరఖాస్తు చేసుకునే దారి 2016 నిబంధనల్లో ఉంది. 2019 సవరణ తర్వాత వారసత్వంగా వచ్చినదాన్ని కలుపుకుని ఒకరి దగ్గర రెండుకి మించి ఉండకూడదు. అరుదైన పాత వస్తువుల కోవలోకి వచ్చే చిన్న ఆయుధాలు సొంతం చేసుకుని దాచుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదని 2020 సవరణ చెప్పింది, కానీ వాడాలన్నా, వెంట తీసుకెళ్ళాలన్నా, ఒక చోటు నుంచి ఇంకో చోటికి తరలించాలన్నా లైసెన్స్ కావాల్సిందే. మన వస్తువు ఆ కోవలోకి వస్తుందా లేదా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకునే విషయం కాదు. లైసెన్స్ ఇచ్చే అధికారి నుంచి ఆ మాట రాతపూర్వకంగా ఉండాలి, ముఖ్యంగా .455, .38 లాంటి నిషిద్ధ బోరు దగ్గర. లైసెన్స్ లేకుండా దొరికితే జైలు శిక్ష పడే నేరం, నిషిద్ధ బోరైతే ఇంకా పెద్దది.

అమ్మకం దగ్గర ఇంకో గోడ ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటినది పురావస్తువు, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1917లో చేసిన వెబ్లీ కూడా ఇప్పుడు ఆ గీత దాటేసింది. కాబట్టి లండన్ వేలంలో ఇంత పలికిందని ఇంటర్నెట్‌లో చూసిన అంకె గుంటూరులో ఉన్న రివాల్వర్‌కి వర్తించదు, అది ఆ దేశంలో ఉన్నదాని ధర. ఇక్కడున్నదానికి దేశంలోపల, చట్టం ఒప్పుకున్నవాళ్ళలో, ఆసక్తి ఉన్న కొద్దిమంది ఇచ్చేదే ధర, అది చాలాసార్లు నిరాశపరుస్తుంది. అలాంటప్పుడు మ్యూజియం ఆలోచన మంచిది. విజయవాడ బందరు రోడ్డులో 1887లో కట్టిన విక్టోరియా జూబిలీ భవనంలోనే ఇవాళ్టి బాపు మ్యూజియం ఉంది, అక్కడ పాత ఆయుధాలు ప్రదర్శనలో ఉన్నాయి. ఏ మ్యూజియానికి ఇచ్చినా ముందు పోలీసుల అనుమతి కాగితం తీసుకుని, వస్తువుతో పాటు ఒక పేజీ రాసి ఇవ్వాలి. తయారీదారు పేరు, నంబరు, కనిపించే ప్రతి ముద్ర, ఎవరి దగ్గర్నుంచి ఎవరికి వచ్చింది, ఆయన ఏ రెజిమెంట్‌లో ఏ ఏళ్ళలో పని చేశారు, వీటిలో ఏది కాగితం మీద ఉంది, ఏది ఇంట్లో పెద్దలు చెప్పింది, రెండూ విడివిడిగా రాయాలి.